తెల్ల వెంట్రుక సీలు

మా బాబాయికి అనుమానం. దేనిమీద అని మాత్రం అడక్కండి. అడిగితే మీ మీద కూడా మొదలవుతుంది.

తూనికలు కొలతల శాఖలో ముప్పై రెండేళ్లు ఇన్‌స్పెక్టరుగా చేశాడు. అంటే అనుమానించమని ప్రభుత్వమే జీతమిచ్చి పెట్టుకున్న మనిషి. రిటైరైన రోజు ఆఫీసువాళ్లు ప్రేమగా ఒక గోడ గడియారం బహుమతి ఇచ్చారు. ఇంటికి తెచ్చి రేడియో వార్తల టైముతో పోల్చి చూశాడు. "పదకొండు సెకన్లు వెనక. ఇన్నేళ్లూ వీళ్ల మధ్యనా నేను కూర్చున్నది!" అన్నాడు. జీతం ఆ నెలతో ఆగింది. అనుమానం ఆగలేదు.

మా వీధిలో ఆయన్ని అందరూ మిల్లీమీటర్ గారు అంటారు. ఎదురుగా కాదు, వెనకాల. ఆ సంగతి ఆయనకి తెలుసు. "సెంటీమీటర్ అనకపోవడం వాళ్ల అదృష్టం" అంటాడు.

రిటైరయ్యాక అందరూ నడకకి వెళ్తారు, మందులు వేసుకుంటారు. మా బాబాయి విమానాలు మొదలుపెట్టాడు. పాత చిన్న విమానాలు. ఇద్దరు కూర్చునేవి, చెక్క చట్రానికి గుడ్డ తొడిగినవి, ముందు కర్ర పంకా, వెనక తోక కింద బఠాణీ గింజంత చక్రం. అసలు విమానంలో ఇరవైనాలుగో వంతు. పుల్లల్ని బ్లేడుతో చెక్కి, జిగురుతో అతికి, పైన పల్చటి పట్టుగుడ్డ లాగి, రంగేసి ఒక్కొక్కటీ చేయడానికి రెండు మూడు నెలలు. అందులో చెయ్యడానికి పట్టేది నెల. మిగతాది అనుమానించడానికి.

ముందు స్కేలు మీద అనుమానం. అందుకని నాలుగు స్కేళ్లు కొన్నాడు. నాలుగూ పక్కపక్కన పెట్టి భూతద్దంతో చూసి, మూడు ఒక మాటా ఒకటి ఒక మాటా చెబితే, మూడింటిని అనుమానించాడు.

"అదేంటి బాబాయ్, ఒకటే కదా తప్పు?"

"మూడూ ఒకే కంపెనీవమ్మా. కూడబలుక్కోవా?"

జిగురు ట్యూబు కొంటే దుకాణంలోనే తూకం వేయిస్తాడు. దుకాణం కాటా మీద నమ్మకం లేక ఇంటికొచ్చి మళ్లీ వేస్తాడు. ఇంటి కాటా మీదా నమ్మకం లేక మా పిన్నిని పిలిచి చేత్తో చూడమంటాడు. ఆవిడ చేత్తో అటూ ఇటూ ఊపి, "జిగురులాగే ఉంది" అంటుంది. అది మాత్రం రిజిస్టర్లో రాసుకోడు.

విమానాలున్న ముందుగదిలోకి వచ్చినవాళ్లకి మొదటి మర్యాద ఒకటే. "ఊపిరి కాస్త అటు తిప్పి వదలండి." ఒకసారి విద్యుత్ మీటరు చూసే ఆయన వచ్చి తుమ్మాడు. ఆయన వెళ్లాక బాబాయి అన్ని రెక్కలూ మళ్లీ కొలిచాడు. ఆ నెల కరెంటు మీటరు కూడా ఆయన మీద అనుమానంతో మూడుసార్లు చూశాడు.

ఇక భద్రత. విమానాలుండేది గాజు తలుపుల అల్మారాలో. దానికి తాళం ఉంది. తాళం మీద అనుమానం కాబట్టి, రెండు తలుపుల సందు మీద అడ్డంగా ఒక వెంట్రుక అంటించేవాడు. పిన్ని దువ్వెనలోంచి ఏరుకొచ్చిన పొడుగాటి నల్ల వెంట్రుక. ఎవరైనా తలుపు తీస్తే అది ఊడిపోతుంది, దొంగ దొరికిపోతాడు. ఉద్యోగంలో కాటాలకి సీసపు సీలు వేసి వేసి అలవాటైన చెయ్యి. సీలు వెయ్యకుండా పంచదార డబ్బా మూత కూడా పెట్టలేడు.

నా దర్జీ దుకాణం వాళ్లింటికి రెండిళ్ల అవతల. కత్తిరించగా మిగిలిన పట్టుముక్కలన్నీ ఆయనవే. ఊరికే తీసుకుపోడు, కూర్చుని ఒక గంట విమానాల గురించి చెబుతాడు. వినడం నాకిష్టం. కుట్టు మిషను తొక్కుతూ వినీ వినీ, రెక్క వెనక అంచున ఆడే పలకల పేర్లు కూడా నేర్చుకున్నాను. ఒకరోజు పసుపుపచ్చ గుడ్డ అడిగాడు.

"ఎంత కావాలి బాబాయ్?"

"నాలుగు పాయింట్ రెండు."

"మీటర్లా!"

"మిల్లీమీటర్లు. చదరంగా. అంచు పోగులు ఊడకూడదు."

గోరులో సగం ఉండే ముక్క. తొమ్మిది సార్లు కత్తిరించాను. తొమ్మిదిసార్లూ మిల్లీమీటరులో వంతులు కొలిచే కాలిపర్స్‌తో పట్టి చూసి తల అడ్డంగా ఊపాడు. కొలతలు ఇవ్వడానికొచ్చిన ఆవిడ విసుగెత్తి, "పక్క దుకాణంలో కుట్టించుకుంటాలే" అని లేచింది. పదోది తీసుకుని, "ఫర్వాలేదు" అన్నాడు. మా బాబాయి నోట ఆ మాట వినడం నా జీవితంలో అది రెండోసారి. మొదటిది ఆయన పెళ్లిరోజున, పిన్నిని చూసి.

అసలు ఈ విమానాల పిచ్చి ఎలా పట్టిందో చెప్పాలి. విమానాన్ని కూడా తూకం వేస్తారట. మూడు చక్రాల కింద మూడు కాటాలు పెట్టి, తోక పైకి లేపి, మట్టంగా నిలబెట్టి. మా ఊరి చివర చిన్న విమానాల క్లబ్బొకటి ఉండేది. ఆ కాటాలు తనిఖీ చెయ్యడానికి బాబాయి వెళ్లాడు. షెడ్డులో వరసగా ఏడు విమానాలు. చూసి నోరు తెరిచాడట. కాసేపటికి నోరు మూసి కాటాలు చూశాడు. ఒక కాటా రెండొందల గ్రాములు తేడా.

అక్కడి మెకానిక్కు పానా మేస్త్రి. జేబులో పానా లేకుండా ఎవరూ చూడలేదు, అందుకని ఆ పేరు. "నా విమానం బరువెంతో నా భుజానికి తెలుసు. తోక ఎత్తితే చాలు. నీ కాటా ఎవడిక్కావాలి?" అన్నాడు. బాబాయి కాటాని పక్కన పెట్టించి సీలు వేశాడు. ఆ వారం క్లబ్బువాళ్ల ఎగురుడు పందెం ఆగిపోయింది. అదొక గొడవ. తర్వాత ఎప్పుడో బాబాయి తాను చేసిన మొదటి బొమ్మ విమానం పట్టుకెళ్లి చూపిస్తే, మేస్త్రి దాన్ని తిప్పి తిప్పి చూసి, "గుడ్లు పెడుతుందా?" అని అడిగాడు.

అంతే. బాబాయి వీధి మధ్యలో నిలబడి, అందరూ వినేలా, "ఇకమీద వాడి గుమ్మం తొక్కితే నా పేరు మార్చుకుంటా" అన్నాడు. పదిహేనేళ్లయింది. తర్వాత క్లబ్బు మూసేశారు. ఏడు విమానాల రెక్కలూ విప్పి లారీల మీద ఎటో తీసుకుపోయారు. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే బాబాయి మాట మార్చేవాడు.

ఇక దొంగతనాలు.

ఒకరోజు పిన్ని దుమ్ము దులుపుతూ, "ఏమండీ, ఎర్ర విమానం ఏదీ?" అంది.

బాబాయి పేపరు దించాడు. జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టాడు. తర్వాత లేచి నిలబడి, "దొంగతనం జరిగింది!" అన్నాడు.

విచారణ మొదలైంది. పాలవాణ్ణి అడిగాడు, పేపరాయన్ని అడిగాడు, నన్ను అడిగాడు, పిన్నిని రెండుసార్లు అడిగాడు. తాళం బాగానే ఉంది. వెంట్రుక ఉన్నచోటే ఉంది. "చూశారా, ఎంత ఆరితేరినవాడో!" అన్నాడు. ఆ గొంతులో బాధ కంటే మెప్పు ఎక్కువగా వినిపించింది నాకు.

రెండు మూడు నెలలకి తెల్లది పోయింది. తర్వాత నీలంది. ఇలా ఏడాదిన్నరలో ఆరు విమానాలు మాయం. పిన్నికి దొంగ మీద కాక మొగుడి మీద అనుమానం మొదలైంది. ఎందుకంటే ప్రతి గురువారం మధ్యాహ్నం ఆయన, "మార్కెట్లో కాటాలు చూసొస్తా" అని సంచీ పట్టుకుని పోతాడు. రిటైరైన మనిషికి కాటాలేమిటి?

"ఎవరో ఉన్నారే" అంది నాతో ఒకరోజు, గొంతు తగ్గించి.

"ఊరుకో పిన్నీ, ఈ వయసులో!"

"గురువారం తిరిగొచ్చాక చొక్కా వాసన చూశాను."

"ఏం వాసన? సెంటా?"

"ఇంజిన్ ఆయిల్."

ఇద్దరం కాసేపు ఆలోచించాం. "ఏ ఆడది రాసుకుంటుందే ఇంజిన్ ఆయిల్?" అంది పిన్ని. అక్కడితో ఆవిడ దర్యాప్తు ఆగిపోయింది.

అయినా ఊరుకోలేదు. ఒకరోజు అల్మారా ముందు పౌడరు చల్లింది. మర్నాటికి చెప్పుల గుర్తులు పడ్డాయి. బాబాయి చెప్పులు తెచ్చి పెట్టి చూస్తే సరిగ్గా సరిపోయాయి.

"ఇప్పుడేమంటారు?"

బాబాయి వంగి, వేలితో పౌడరు తాకి, తల ఊపాడు. "అబ్బ, ఏం తెలివి! నా చెప్పులు వేసుకొచ్చాడు."

ఇదంతా నవ్వుకునే వ్యవహారంగానే ఉండేది, ఏడోది పోకుండా ఉంటే.

ఏడోది పసుపుపచ్చది. అది పోయిన రోజు ఎదురింటావిడ అక్కడే ఉంది. కళ్లద్దాలు సవరించుకుని అల్మారా దగ్గరికెళ్లి, "ఇదేంటండీ, ఈ వెంట్రుక తెల్లగా ఉంది?" అంది. అందరం చూశాం. నిజమే. నల్ల వెంట్రుక లేదు. దాని చోట పొట్టి తెల్ల వెంట్రుక, చక్కగా, తిన్నగా, అంటించి ఉంది.

"అంటే దొంగ తీసి, మళ్లీ తన వెంట్రుకే అంటించి పోయాడన్నమాట. ఈ ఇంట్లో తెల్ల జుట్టు ఎవరికుంది?" అంది ఎదురింటావిడ.

పిన్ని బాబాయి తల వంక చూసింది. ఎదురింటావిడ మాత్రం పైకప్పు వంక చూసింది.

పై గదిలో గడియారాలాయన అద్దెకుంటాడు. పదకొండేళ్లుగా. ఒంటరి మనిషి, మెత్తటి మాట, వెండిలాంటి జుట్టు. వీధి చివర చిన్న కొట్టు, కంటికి భూతద్దం, చేతిలో సన్నటి పట్టకారు.

"పట్టకారుతో వెంట్రుక అంటించడం ఇంకెవరికి చేతనవుతుంది?" అంది ఎదురింటావిడ.

"ఛ, ఆయనా! నోటికొచ్చినట్టు మాట్లాడకండి" అని పిన్ని కసిరింది.

బాబాయి కాదనీ అనలేదు, ఔననీ అనలేదు. ఎప్పుడూ అందర్నీ అనుమానించే మనిషి ఆ రోజు ఎవర్నీ అనుమానించకుండా, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. అదే నాకు అనుమానంగా తోచింది.

మాటకి కాళ్లుంటాయేమో, వారం తిరక్కుండా వీధి చివరిదాకా నడిచింది. అంతవరకు వాచీ ఇచ్చి సాయంత్రం వచ్చి తీసుకునేవాళ్లు, ఇప్పుడు కొట్టు ముందు నిలబడి, చూస్తూ బాగు చేయించుకోవడం మొదలుపెట్టారు. ఒకాయనైతే వాచీ లోపలి చక్రాలు లెక్కపెట్టి మరీ ఇచ్చాడట. గడియారాలాయన పిన్ని దగ్గరికొచ్చి, "నెలాఖరుకి గది ఖాళీ చేస్తానమ్మా. వేరే ఊళ్లో కొట్టు చూసుకుంటున్నా" అన్నాడు. పిన్ని కళ్లు తుడుచుకుని ఆ రోజు వంట చెయ్యలేదు.

ఆ గురువారమే ఊరవతలి నుంచి ఒకమ్మాయి కబురు చేసింది, బట్టలు కుట్టాలి, ఇంట్లో మావగారిని వదిలి రాలేను, వచ్చి కొలతలు తీసుకోమని. వెళ్లాను. లోపలి గదిలో, తెర చాటున, భుజం దగ్గర గుడ్డ గుచ్చి గుండుసూదులు పెడుతున్నాను. వీధి తలుపు చప్పుడైంది. తర్వాత ఒక దగ్గు. ఆ దగ్గు ఎక్కడ విన్నా గుర్తుపడతాను.

"ఒక్క నిమిషమండీ, మావయ్యగారి కోసం వచ్చారు. నేను లేకపోతే వాళ్లిద్దరికీ కుదరదు" అని ఆ కోడలు సూదులతోనే ముందుగదిలోకి పరిగెత్తింది. నేను తెర వెనకాలే ఉండిపోయాను. వినడం నా అలవాటని చెప్పాను కదా.

"అమ్మాయ్, వచ్చినాయనకి కుర్చీ అక్కడుందని చెప్పు" అంది ఒక గరుకు గొంతు.

"కూర్చోమంటున్నారండీ."

"వినపడిందమ్మా. ఆయనతో నేను మాట్లాడను కాబట్టి, కూర్చున్నానని నువ్వు చెప్పు." ఇది మా బాబాయి.

"కూర్చున్నారు మావయ్యా."

"కళ్లు పోయాయి గానీ చెవులు పోలేదని చెప్పు. ఈసారేం తెచ్చాడో అడుగు."

తెర సందులోంచి చూశాను. పానా మేస్త్రి! కళ్లు తెరిచే ఉన్నాయి కానీ ఎటూ చూడటం లేదు. ఒళ్లో పసుపుపచ్చ విమానం. రెండు చేతుల వేళ్లతో దాన్ని చదువుతున్నాడు. ముందు పంకా, తర్వాత ముక్కు, రెక్కని మోసే కర్రలు, రెక్క పైభాగం, రెక్క అడుగుభాగం. ఎడమ రెక్క అడుగున వేలు ఆగిపోయింది.

"ఇదేంటి? ఇక్కడ అతుకుంది."

గోటితో దాని నాలుగంచులూ తడిమాడు.

"ఇది నేను వేసిన అతుకు. గుడ్డ చిరిగితే నా చొక్కా కత్తిరించి వేశా. పైలట్లకి కూడా తెలీదు. అమ్మాయ్, ఆయనకెలా తెలుసో అడుగు!"

"తూకం వేసిన రోజు చూశానని చెప్పమ్మా. ఎడమ రెక్క కింద, నాలుగంగుళాల చదరం. అనుమానాస్పదం అని రిజిస్టర్లో రాసుకున్నా."

మేస్త్రి గట్టిగా నవ్వాడు. "దాంతో తొమ్మిదేళ్లు ఎగిరిందని చెప్పు ఆ అనుమానప్పక్షికి!"

"అదీ రాసుకుంటానని చెప్పు."

"తోక చక్రం మాత్రం ఒక చుక్క పెద్దదైందని చెప్పు."

"కాలేదని చెప్పు. నాలుగు స్కేళ్లతో కొలిచా."

"నా వేలు అయిదోదని చెప్పు."

ఇలా గంటసేపు. తర్వాత బాబాయి చిన్న నూనె డబ్బా తీసి, విమానాల చక్రాలకి పుల్లతో ఒక్కో చుక్క వేసి, సంచీ మడిచి, "ఆయనకి చెప్పమ్మా, నేను పోతున్నానని" అని వెళ్లిపోయాడు.

బయటికొచ్చి చూశాను. మేస్త్రి మంచం పక్కన పొడుగాటి బల్ల. దానిమీద ఎర్రది, తెల్లది, నీలంది, అన్నీ, షెడ్డులో ఉండే వరసలోనే. ఏడో చోటు ఖాళీగా ఉంది. మేస్త్రి తడుముకుంటూ పసుపుపచ్చదాన్ని అందులో పెట్టాడు.

"చూపు పోయాక ఆరునెలలు ఆ గోడవైపు తిరిగి పడుకున్నారండీ" అంది కోడలు. "ఇప్పుడు పొద్దున్నే లేచి, స్నానం చేసి, డ్యూటీ అంటారు. ఒక్కోదాన్నీ తుడిచి తనిఖీ చేస్తారు. మొన్న తెల్లదానికి సెలవు కూడా ఇచ్చారు, చక్రం వదులైందని."

నాలుగు స్కేళ్ళూ, పది పసుపు ముక్కలూ ఎందుకో అప్పుడర్థమైంది. కళ్లతో చూసేవాణ్ణి మోసం చెయ్యొచ్చు. వేళ్లతో చూసేవాణ్ణి చెయ్యలేం.

తిరిగొచ్చి నేరుగా బాబాయి వాళ్లింటికెళ్లాను. ఆయన అల్మారా ముందు కూర్చుని ఉన్నాడు. ఎక్కడికెళ్లానో చెప్పలేదు. "గడియారాలాయన సామాను కడుతున్నారు బాబాయ్. అట్టపెట్టెలకి తాడు కావాలని నా దగ్గరికొచ్చారు" అన్నాను.

"ఎంత తాడు?" అన్నాడు అలవాటుగా.

"పదకొండేళ్లకి సరిపడా."

నా మొహం వంక చూశాడు. తర్వాత నా భుజం మీద గుచ్చుకుని మరిచిపోయిన గుండుసూది వంక చూశాడు. అలాంటి సూదులే మధ్యాహ్నం ఇంకో భుజం మీద చూశాడని ఆయనకి తట్టినట్టుంది. లేచి రిజిస్టరు అందుకున్నాడు.

మర్నాడు పొద్దున అందర్నీ ముందుగదిలోకి పిలిచాడు. పిన్ని, నేను, గడియారాలాయన, ముఖ్యంగా ఎదురింటావిడ. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. చేతిలో రిజిస్టరు.

"విచారణ పూర్తయింది" అని చదవడం మొదలుపెట్టాడు. "ఒకటి. తాళం పగల్లేదు, కాబట్టి దొంగ దగ్గర తాళంచెవి ఉంది. తాళంచెవి ఒకటే. రెండు. పౌడరు మీద గుర్తులు తొమ్మిదో నంబరు చెప్పులవి, కుడి మడమ అరిగింది. మూడు. దొంగ వస్తువు తీసుకున్నాక కూడా సీలు వేసి వెళ్లాడు. లోకంలో ఏ దొంగా సీలు వెయ్యడు. దొంగతనం చేసినా సీలు వెయ్యకుండా ఉండలేనివాడు ఈ ఊళ్లో ఒక్కడే. ఆ రోజు ఇంటావిడ దువ్వెన కడిగి పెట్టింది కాబట్టి, నల్లది దొరక్క సొంతది వాడాడు."

రిజిస్టరు మూశాడు. "ముద్దాయిని నేనే."

ఎదురింటావిడ నోరు తెరిచింది. "మీ విమానాలు మీరే దొంగిలించారా!"

"నాకు మొదట్నుంచీ వాడిమీద అనుమానంగానే ఉంది" అన్నాడు బాబాయి.

"మరి ఇన్నాళ్లూ చెప్పరేం?" పిన్ని నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఎవరికిస్తున్నారు?"

"అది విచారణ పరిధిలో లేదు."

"పానా మేస్త్రికి పిన్నీ" అన్నాను నేను. వినేవాళ్లు కూడా ఎప్పుడో ఒకప్పుడు చెప్పాలి కదా.

పిన్ని ఆయన్ని తేరిపార చూసింది. "అయితే గుమ్మం తొక్కారన్నమాట. ఇప్పుడు పేరేం పెట్టమంటారు?"

బాబాయి గడియారాలాయన వైపు తిరిగాడు. "మీ మీద మాట వచ్చినప్పుడు నేను నోరు విప్పాల్సింది. విప్పలేదు. తూకంలో తప్పు నాది."

"అయ్యో, అంత మాటెందుకు సార్" అన్నాడు గడియారాలాయన. పాపం, ఆయనకి నవ్వాలో ఏడవాలో తెలియక భూతద్దం తుడుచుకున్నాడు.

అక్కడితో ఆగలేదు. సాయంత్రం వీధి నిండా జనం తిరిగే వేళకి బాబాయి ఆయన కొట్టుకెళ్లాడు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి చేతికున్న వాచీ విప్పి బల్లమీద పెట్టి, నాలుగు దుకాణాల అవతలికి వినిపించేలా, "బాగు చేసి ఉంచండి. తొందరేం లేదు. రసీదు వద్దు!" అన్నాడు. వెనక్కి తిరిగి చూడకుండా నడిచి వెళ్లిపోయాడు. మిల్లీమీటర్ గారు రసీదు లేకుండా వస్తువు వదిలిపెట్టాడని చెబితే మొదట ఎవరూ నమ్మలేదు. నమ్మాక, రెండ్రోజుల్లో కొట్టు ముందు నిలబడి కాపలా కాసేవాళ్లు మాయమయ్యారు.

మూడోరోజు నేను అటుగా వెళ్తుంటే గడియారాలాయన పిలిచాడు. అట్టపెట్టెల తాడు చుట్ట చుట్టి నా చేతికి తిరిగిచ్చాడు. తర్వాత బాబాయి వాచీ చూపించాడు.

"ఏం జబ్బు చేసింది గురువుగారూ దీనికి?"

"ఏ జబ్బూ లేదు తల్లీ. సెకను కూడా తేడా లేదు. అయినా ఇటు చూడు."

వాచీ తిప్పాడు. వెనక మూత మీద, సరిగ్గా మధ్యలో, అడ్డంగా ఒక చిన్న తెల్ల వెంట్రుక అంటించి ఉంది.

ఆయన నవ్వుతూ పట్టకారు తీసుకున్నాడు. ఆ వెంట్రుకని నెమ్మదిగా తీసి పక్కన పెట్టాడు. తన తలలోంచి ఒకటి పీకి, భూతద్దంలో కొలత చూసుకుని, అదే చోట అంటించాడు.

ఆయన పంపిన వాచీ సాయంత్రం తీసుకెళ్లి ఇచ్చాను. బాబాయి వెలుతురులోకి పట్టుకెళ్లి, తిప్పి, కాలిపర్స్ తెచ్చి వెంట్రుక కొలిచాడు. చాలాసేపు చూశాడు.

"మారింది" అన్నాడు.

"అయితే?"

వాచీ చేతికి పెట్టుకున్నాడు. వెంట్రుక తియ్యకుండానే.

"ఫర్వాలేదు" అన్నాడు.